తాడుతో సహా ఇచ్చిన మేక

ఎవరి గుడారంలోనైనా పాలగిన్నె బోర్లించి కనిపించిందంటే మా తిస్లెమ్ అత్తకు ఆ పూట ముద్ద దిగేది కాదు. దాన్ని జాలి అంటే మాత్రం ఒప్పుకునేది కాదు. "జాలీ లేదు, గీలీ లేదు. బోర్లించిన గిన్నె చూస్తే నాకు చిరాకు, అంతే" అనేది. ఆ చిరాకుతోనే విసవిసా తన మందలోకి పోయి, పాలిచ్చే మేకనొకదాన్ని తాడేసి లాక్కొచ్చి, ఆ గుడారం గుంజకు కట్టేసి వచ్చేది. మేక పాలు వాళ్లు తాగాలి. పిల్ల పుడితే అది అత్తది. పాలు ఎండిపోయాక మేకను తిరిగి తోలెయ్యాలి. మా ఎడారి దేశపు తగంత్ పీఠభూమి మీద దీన్ని మనీహా అంటారు. కలిగినవాళ్లంతా ఇస్తారు. అందులో అత్త గొప్పేమీ లేదు.

గొప్పంతా తాడులో ఉంది. మిగతావాళ్లు మేకను ఇచ్చి తాడు విప్పుకుపోతారు. మేక వెంట్రుకలు కత్తిరించి, ఏకి, పేని ఒక తాడు చెయ్యడమంటే చలికాలమంతా చేతులు నొప్పెట్టే పని. అత్త మాత్రం ముడి వేసి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, "తాడు కూడా ఉంచుకో" అని వెనక్కి చూడకుండా వచ్చేసేది. మేకను ఎప్పుడు పంపుతారని మళ్లీ వచ్చి అడగనని దానర్థం. ఆ మాట విన్న ఆడవాళ్ల మొహాలు నాకిప్పటికీ గుర్తే. పాలకంటే ఆ మాటే వాళ్ల కడుపు నింపినట్టుండేది.

నన్ను పెంచింది ఆమే. అత్తకు పిల్లల్లేరు. ఇద్దరు మొగుళ్లను కట్టుకుని ఇద్దర్నీ వదిలేసింది. రెండో ఆయన దగ్గర్నుంచి తిరిగొచ్చిన రోజున ఆడవాళ్లంతా డప్పు వాయించి పాటలు పాడితే, మా నాన్న ఒక పోతును కోయించాడట. "మొగుడు పోయాడని కాదురా, నా మేకలు తిరిగొచ్చాయని పాడుతున్నారు" అని అత్త అందట. ఆ మందంటే ఆమెకు అంత ప్రాణం. ఆమెకు పేరు పెట్టిన రోజున వాళ్లమ్మ ఒక తెల్లచెవుల ఆడ మేకపిల్లను కానుకిచ్చింది. మందలోని మేకలన్నీ దాని కడుపు పంటే. ఏ మేక ఎవరి కూతురో, ఎవరి మనవరాలో, ఏ ముత్తవ్వ తోక వంకర ఎవరికి వచ్చిందో అత్త కూర్చోబెట్టి చెప్పేది. మా పెద్దలు తమ వంశావళిని తడుముకోకుండా అప్పజెబుతారే, అలాగ. నాకు నిద్ర పట్టనప్పుడు కథలు చెప్పేది కాదు, మేకల వంశాలు చెప్పేది. నాలుగో తరానికల్లా నిద్రపోయేదాన్ని.

చిన్నప్పటి పొద్దుటిపూట వాసన ఒకటి ఇప్పటికీ నన్ను వదల్లేదు. తోలుతిత్తిలో చిలికిన పులిసిన మజ్జిగ, అందులో నీళ్లూ చక్కెరా, పక్కన తుమ్మబొగ్గుల మీద టీ. చెక్కగిన్నె అంచుకు నోరు పెట్టి తాగుతుంటే గిన్నెకే ఒక రుచి ఉండేది. రాజధాని నువాక్షోత్‌లో గాజు గ్లాసుల్లో ఎంత మంచి పాలు తాగినా అది రాదు. నా కూతురికి చెబితే, "అమ్మా, అది కడగని గిన్నె రుచి" అని నవ్వుతుంది. నవ్వనీ. దానికేం తెలుసు.

నేను నువాక్షోత్ వెళ్లి చదువుకుని పశువుల రోగాల ప్రయోగశాలలో చేరాను. అక్కడ మా పని మేకలకూ గొర్రెలకూ వచ్చే పారుడు రోగం. ముక్కులు కారతాయి, కళ్లు పుసులు కడతాయి, నోరు పుళ్లు పడుతుంది, తర్వాత పారి పారి చస్తాయి. ఆ రోగం తెచ్చే సూక్ష్మజీవి ఏ ఊరి మంద నుంచి ఏ ఊరి మందకు నడిచిందో, దాని జన్యువులను చదివి తెలుసుకోవడం మా కొలువు. చేరిన కొత్తలో అత్తకు ఇది చెబితే పకపకా నవ్వింది.

"చచ్చిన మేకకు వంశం అడిగితే ఒక అర్థముంది. రోగానికి కూడా తాతలూ ముత్తాతలూ ఉంటారటే?"

"ఉంటారత్తా."

"అయితే నువ్వు నా కూతురివే. పట్నం పోయినా బుద్ధి మేకల దగ్గరే ఉంది."

ఆ ఏడాదే అత్త మేకపోతును కొన్నది. తిజిక్జా సంతలో, దక్షిణాన నదీతీరం నుంచి వచ్చిన లారీలోంచి దింపుతుంటే చూసిందట. నిలువెత్తు పోతు, మోకాళ్ల దాకా వేలాడే చెవులు. తెల్లచెవుల మంద తరతరానికీ పొట్టిదైపోతోందన్న దిగులు ఆమెకు ముందే ఉంది. ఇంకేం, మనసు పారేసుకుంది. రెండో మొగుణ్ని కూడా ఇలాగే పొడుగు చూసి చేసుకుందని మా నాన్న వేళాకోళం చేశాడు. బావి చుట్టూ ఉన్న గుడారాల వాళ్లంతా వచ్చి పోతును చూసిపోయారు. అందరికంటే పెద్ద మంద ఉన్న దేహ్ మామ కూడా వచ్చి, దాని చెవులు పట్టుకు చూసి, వచ్చే ఏడు ఒక పిల్లనివ్వమని ముందే అడిగిపెట్టుకున్నాడు. అత్త గర్వం అంతా ఇంతా కాదు.

మా ప్రయోగశాల బండి అప్పుడు ఆ వైపు మందలను చూస్తూ తిరుగుతోంది. నేనూ ఉన్నాను. పోతు ముక్కు కారుతుంటే దూదిపుల్లతో తుడిచి, గొట్టంలో వేసి ఐసుపెట్టెలో పెట్టుకున్నాను.

"లారీ దుమ్ముకు జలుబు చేసింది దానికి. ఆ చీమిడి పట్నం దాకా మోసుకుపోతావా?" అంది అత్త.

"ఎందుకైనా మంచిది, దీన్ని వేరుగా కట్టు" అన్నాడు మా పెద్ద డాక్టరు.

అత్త మాట మీద నిలబడే మనిషి. పోతును ఆ క్షణమే తీసుకుపోయి దూరంగా తుమ్మచెట్టుకు కట్టింది. కానీ అప్పటికే దానితో కలిసి మేసిన ఆడమేకలు చూడ్డానికి నిక్షేపంలా ఉన్నాయి. వాటి సంగతి ఎవరికీ తట్టలేదు. బండి మరో బావి వైపు వెళ్లిపోయింది. ఆ వారంలోనే తూర్పు నుంచి సిదాతీ అనే ఆయన, భార్య జైనబూ, చంటిపిల్ల, నాలుగు బక్కమేకలతో వచ్చి అంచున గుడారం వేసుకున్నారు. గిన్నె బోర్లించి ఉంది. ఇక చెప్పేదేముంది, అత్త తన ముద్దుల మేక గజాలాను లాక్కుపోయి వాళ్ల గుంజకు కట్టింది. తాడు కూడా ఉంచుకోమంది.

తర్వాత జరిగింది మా వాళ్లకే సాధ్యమైన పొరపాటు. జైనబూ వాళ్ల బక్కమేకలు మూడు అందరికంటే ముందు చచ్చాయి, నాలుగోది మూలుగుతూ మిగిలింది. తర్వాత ఇంకో గుడారంలో మేకలు పడిపోయాయి. మేకలు చస్తే పాలుండవు, పాలు లేకపోతే గిన్నె బోర్లా పడుతుంది, గిన్నె బోర్లా పడితే అత్త ఆగుతుందా? ఒక మేకను తోలింది. ఆ మేక కూడా దగ్గడం మొదలుపెడితే, ఇంత కష్టంలో ఉన్నవాళ్లకు జబ్బుమేక బరువెందుకని తిరిగి తెచ్చుకుని, బాగున్నదనుకున్న ఇంకోదాన్ని పంపింది. అలా ఎన్ని గుడారాల్లో చావులయితే అన్ని గుడారాలకూ ఆమె మేకలు వెళ్లాయి, వచ్చాయి, మళ్లీ వెళ్లాయి. ఆమెను చూసి దేహ్ మామా ఇచ్చాడు. అందరూ ఇచ్చారు. అంత చావులోనూ ఎవరూ చెయ్యి ముడుచుకోలేదని, నాన్న పంపిన కబురు విని నేను పట్నంలో కళ్లు తుడుచుకున్నాను.

రెండోసారి బండిలో వెళ్లేసరికి బావి దగ్గర ఎముకలే ఉన్నాయి. తెల్లచెవుల మంద మొత్తం పోయింది. తుమ్మచెట్టుకు కట్టిన పోతు కూడా పోయింది. మేము గుడారం గుడారానికీ తిరిగి బతికున్న మేకల ముక్కులూ కళ్లూ తుడిచి గొట్టాలు నింపుకున్నాం. నష్టం ఒకవైపు, మాటలు ఇంకోవైపు. సిదాతీ వాళ్లొచ్చారు, రోగం వచ్చింది. తూర్పు నుంచి తెచ్చి మన మీద పోశారు. ఎవరి నోట విన్నా ఇదే. నీళ్లు తోడుకోవడానికి జైనబూ వస్తే ఆడవాళ్లు పక్కకు జరిగేవాళ్లు.

అత్త అంతకంటే పెద్ద పని చేసింది. మందలో గజాలా ఒక్కటే ఇంకా బతికే ఉంది, జైనబూ గుడారంలో. ఆ అమ్మాయి తన చంటిదాన్ని వీపున కట్టుకుని, ఉప్పునీళ్లతో మేక నోటి పుళ్లు కడిగి, సజ్జగంజి వేలితో నాకించి బతికించుకుంది. అత్త వెళ్లి, ఒక్క మాట మాట్లాడకుండా, గుంజ నుంచి ముడి విప్పింది. మేకను తోలుకుని, తాడు కూడా చుట్టి చంకలో పెట్టుకుని వచ్చేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె తాడు వెనక్కి తెచ్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నేను అడ్డుపడబోతే, "నోరు ముయ్యి. నా మందంతా ఎవరివల్ల పోయిందో నీకు తెలియదు" అంది. తెలియదు, నిజమే. అప్పటికి నాకూ తెలియదు.

పట్నంలో గొట్టాలన్నీ చదివాక తెలిసింది. చదివినదాన్ని మా పెద్ద డాక్టరు కాగితం మీద చెట్టులా గీసి బల్ల మీద పెట్టాడు. కొమ్మలూ రెమ్మలూ, చివర పేర్లకు బదులు నేను గొట్టాల మీద వేసిన అంకెలు. మొదలు దగ్గర ఉన్న అంకె ఎవరి మేకదో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. సెలవు అడిగి అదే వారం తిజిక్జా బస్సెక్కాను.

అత్త టీ కాస్తోంది. గుడారంలో గజాలా తప్ప ఇంకో ప్రాణి లేదు. మొదటి గ్లాసు తాగాను.

"సిదాతీ వాళ్లు రేపో ఎల్లుండో వెళ్లిపోతారట. దేహ్ పొమ్మన్నాడు. ఇంకో బావి దగ్గర ఎవరు చేరనిస్తారో ఏమో," అంది అత్త. "చంటిదానికి పాలు లేవట. మనకేం."

"అత్తా, రోగం వాళ్లు తేలేదు."

"నీ పుల్లలు చెప్పాయా?"

"చెప్పాయి. తూర్పు రోగం వంశం వేరు, దాని లెక్క మా ప్రయోగశాలలో ముందు నుంచీ ఉంది. జైనబూ మేకల్లో ఉన్నది అది కాదు. ఇక్కడ అన్ని గుడారాల్లో ఉన్నదీ ఒకటే వంశం. ఇది దక్షిణం నుంచి, నది వైపు నుంచి వచ్చింది."

అత్త చేతిలో టీకుండ ఆగింది. నది మాట ఆమెకు తగిలిందని నాకు తెలిసింది. అయినా మెల్లగా అంది, "ఒకటే వంశమైతే ఎవరి నుంచి ఎవరికి పోయిందో ఎలా చెబుతావ్? జైనబూ మేకల నుంచే నా పోతుకు వచ్చి ఉండొచ్చుగా."

"నేను నీ పోతు ముక్కు తుడిచేనాటికి వాళ్లింకా రానేలేదు. పైగా రోగం మేక నుంచి మేకకు పోయేటప్పుడు ఎక్కడో ఒకచోట కొత్త మచ్చ వేసుకుంటుందత్తా. నీ పోతులో ఒక మచ్చ ఉంది. ఆ మచ్చ అందరి మేకల్లోనూ ఉంది. జైనబూ మేకల్లో అదీ ఉంది, దాని మీద ఇంకోటి కూడా ఉంది. దేహ్ మామ మేకల్లో అదీ ఉంది, వేరే ఇంకోటీ ఉంది. నీ పోతులో మాత్రం ఆ మొదటిదొక్కటే."

ఇంకొకరికైతే ఇంకా చెప్పాల్సి వచ్చేది. నాలుగు తరాల మేకల మచ్చలు నాకు చెప్పి పెంచిన మనిషికి ఏం చెప్పాలి? పుల్లతో బొగ్గులు ఎగదోసింది.

"కొత్త మచ్చ కూతురికి వస్తుంది," అంది చివరికి. "తల్లికి వెనక్కి పోదు."

"పోదు అత్తా."

"నేనిచ్చిన గుడారాలన్నిటికీ పోయిందా?"

అబద్ధం చెబుదామా అనిపించింది. ఆ కాగితం మీది కొమ్మలు ఎటు సాగాయో నాకు తెలుసు. ఎవరి గిన్నె బోర్లా పడితే అటు సాగాయి. ఆమె మంచితనం నడిచిన దారే అది, అడుగులో అడుగు వేసుకుని నడిచింది.

"పోయింది" అన్నాను.

"ఈ సంగతి ఇంకా ఎవరికి తెలుసు?"

"కాగితంలో పేర్లుండవు. నువ్వూ నేనూ, అంతే. నేను ఎవరికీ చెప్పను."

చెప్పను అన్నది మనస్ఫూర్తిగానే అన్నాను. ఆమెకున్న పరువంతా ఆ ఇచ్చే చేతిదే. అది పోతే ఆమెకేం మిగులుతుంది? అత్త రెండో గ్లాసు పోసింది, నాకు ఇచ్చింది. మూడోది కూడా పోసి, మర్యాద తప్పకుండా పూర్తిగా తాగించింది. అప్పుడు మెలహఫా కొంగు తల మీదికి లాక్కుని లేచింది.

"జబ్బు తగ్గిన మేక మళ్లీ అంటిస్తుందా?"

"అంటించదు. దానికీ మళ్లీ రాదు."

"పద."

దేహ్ మామ గుడారంలో పగటిపూట ఎప్పుడూ పదిమంది ఉంటారు. కూర్చోమన్నా అత్త కూర్చోలేదు.

"దేహ్ అన్నా, రోగం సిదాతీ తెచ్చింది కాదు. నా పోతు తెచ్చింది. దాన్నుంచి నా మేకలకు, నా మేకల నుంచి మీ అందరికీ. నేనే తోలాను, ఇంటింటికీ."

దేహ్ మామ మంద మొత్తం పోయింది, కొడుకు పెళ్లి ఆగిపోయింది. ఆయన గ్లాసు కింద పెట్టి, గడ్డం నిమురుకున్నాడు.

"దాని పిల్లనివ్వమని నేనే అడిగాను, చెల్లెమ్మా. చెవులు పట్టుకుని మరీ చూశాను."

"అయితే ఈ మనీహా మానేద్దాం," అన్నాడు ఎవరో వెనక నుంచి. "దానివల్లేగా కొంప మునిగింది."

అత్తకు అప్పటిదాకా లేని కోపం వచ్చింది. "మానేసి ఎవరి గిన్నె వాళ్లం బోర్లించుకు కూర్చుందామా? పోతును వేరుగా కట్టినట్టు మేకలను కట్టలేదు, అదీ జరిగిన తప్పు. ఇకమీదట ఎవరిచ్చినా, ఎవరు తిరిగి పంపినా, మళ్లీ అమావాస్య వచ్చేదాకా దూరంగా తుమ్మచెట్టుకు కట్టండి. దగ్గలేదంటే తోలండి. టీకాలబండి వస్తే పారిపోకుండా వేయించండి. ఇచ్చేది మాత్రం ఆపితే నేనూరుకోను."

అక్కడి నుంచి గజాలాను తీసుకుని జైనబూ దగ్గరికి వెళ్లాం. సిదాతీ గుడారం గుడ్డ మడతపెట్టి గాడిద మీద కడుతున్నాడు. జైనబూ మమ్మల్ని చూసి లేవలేదు. అంతకుముందు అత్తా, నువ్వూ అని చనువుగా పిలిచే పిల్ల.

"మళ్లీ ఏం మర్చిపోయారు మా దగ్గర?" అంది.

"పొరపాటు నాదమ్మా. రోగం నా నుంచే నీకొచ్చింది. దేహ్‌కూ చెప్పి వచ్చాను. మీరు వెళ్లక్కర్లేదు."

"తీసుకెళ్లిన రోజు నన్నొక మాట అడగలేదు మీరు. మేకకు గంజి పట్టానా, ఉప్పునీళ్లతో కడిగానా, ఏమీ అడగలేదు. చంటిది ఏడుస్తుంటే ముడి విప్పుకుపోయారు."

గుడారం విప్పేశారు, గుంజ ఒక్కటే నిలబడి ఉంది. అత్త దానికి గజాలాను కట్టింది. నేను ఆ మాట కోసం చూశాను, అలవాటు కొద్దీ. తాడు అక్కడే వదిలేసింది గానీ ఉంచుకొమ్మని అనలేకపోయింది. ఆ మాట అనే హక్కు తనకు పోయిందనుకుంది. తిరిగి వస్తూ దారంతా నా చెయ్యి పట్టుకునే నడిచింది, ఎప్పుడూ ముందు నడిచే మనిషి.

సిదాతీ వాళ్లు వెళ్లలేదు. ఆ ఏడంతా అత్త గుడారంలో పాలు లేవు. ఎవరు తెచ్చిచ్చినా, "నాకు టీ చాలు, పాలు అరగవు" అని తిప్పి పంపేది. జీవితమంతా పాలమీద బతికిన మనిషికి అరగవట. గిన్నె బోర్లా ఉంటే ఎవరైనా చూస్తారని దాన్ని చాప కింద దాచిపెట్టేది. నేను సెలవుకు వచ్చినప్పుడల్లా పొడిపాల డబ్బా తెస్తే మర్యాదకు ఒక గుక్క తాగి, మిగిలింది పిల్లలకు పంచేది. మనిషి చిక్కిపోయింది. రాత్రులు మేకల వంశాలు చెప్పడం మానేసింది. చెప్పడానికి ఎవరున్నారు.

మరుసటి వానలకు పచ్చిక బాగా మొలిచింది. నేను అక్కడే ఉన్నాను. తుమ్మచెట్టుకు ఒక ఎర్రమేక చాలా రోజులుగా కట్టేసి ఉంటే ఎవరిదా అనుకున్నాను. అమావాస్య వెళ్లిన మర్నాడు పొద్దున్నే జైనబూ దాన్ని తోలుకుంటూ వచ్చింది, వెనక బుడిబుడి అడుగుల పిల్లతో. గజాలా పాలమ్మి, కొంచెం కొంచెం కూడబెట్టి కొనుక్కున్న మేకట. చాప అంచున బయటికి కనబడుతున్న గిన్నెను చూసింది. మేకను అత్త గుంజకు కట్టింది.

"నాకెందుకే ఇది? ముసలిదాన్ని, నాకు పాలు అరగవు" అంది అత్త.

"అరుగుతాయో లేదో నాకు తెలియదు. బోర్లించిన గిన్నె చూస్తే నాకు చిరాకు" అంది జైనబూ.

మేక మెడలో ఉన్నది అత్త తాడే. తెగిన చోట కొత్త వెంట్రుకలతో కలిపి పేనింది, అతుకు దగ్గర రంగు తేడాగా ఉంది. జైనబూ చంటిదాన్ని చంకనెత్తుకుని నడవడం మొదలుపెట్టింది. నాలుగడుగులు వేసి, వెనక్కి చూడకుండానే అంది.

"తాడు కూడా ఉంచుకో అత్తా."

అత్త చాప కింద నుంచి గిన్నె తీసి, కొంగుతో తుడిచి, మేక పక్కన గొంతుక్కూర్చుంది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఏడుస్తూనే పాలు పితికింది.